ట్రంప్ టారిఫ్‌ల దెబ్బ: భీమవరం రొయ్యల చెరువుకు, అశోక్‌నగర్ ఉద్యోగ నోటిఫికేషన్‌కు లింకేంటి?

హైదరాబాద్, అక్టోబర్ 2025: అమెరికా వేసిన 50 శాతం సుంకం రొయ్యల ఎగుమతిదారులను, ఆక్వా రైతులను దెబ్బతీసిందని అందరికీ తెలుసు. అదే సుంకం రాష్ట్ర ప్రభుత్వాల ఖజానాకు ఏ దారిలో, ఎంత చిల్లు పెడుతుందన్నది మాత్రం పెద్దగా చర్చకు రాలేదు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో, నారాయణగూడ హాస్టళ్లలో పోటీ పరీక్షలకు చదువుకుంటున్న అభ్యర్థులకు ఇది రెండు రకాలుగా అవసరమైన ప్రశ్న. ఎకానమీ పేపర్‌లో అడగడానికి అవకాశం ఉన్న అంశం కావడం ఒకటి. వాళ్లు ఎదురుచూస్తున్న పోస్టులకు నెలనెలా జీతం ఇవ్వాల్సింది ఆ ఖజానాయే కావడం రెండోది.

సూటిగా చెప్పాలంటే, విదేశీ సుంకం వల్ల రాష్ట్రానికి నేరుగా పోయే పన్ను చాలా తక్కువ. అసలు దెబ్బ వేరే దారుల్లో వస్తుంది. ఆదాయం మెల్లగా తగ్గుతుంది, సాయం కోసం డిమాండ్ మాత్రం వెంటనే పెరుగుతుంది. తట్టుకోవడానికి కావాల్సిన ఆయుధాలేవీ రాష్ట్రం చేతిలో ఉండవు. చివరికి సర్దుబాటు ఎక్కడ సులువో అక్కడే జరుగుతుంది. రోడ్డు పనులు, కాంట్రాక్టర్ల బిల్లులు, కొత్త నియామకాలు ఆ జాబితాలో ముందుంటాయి.

అసలేం జరిగింది?

2025 ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ ప్రపంచ దేశాలపై ప్రతీకార సుంకాలు ప్రకటించారు. భారత్ వాటా అప్పట్లో 26 శాతం. వారానికే దాన్ని 90 రోజులు ఆపి, అందరికీ 10 శాతం బేసిక్ సుంకం మాత్రం ఉంచారు. ఆగస్టు 7 నుంచి భారత్‌పై 25 శాతం అమల్లోకి వచ్చింది. రష్యా చమురు కొంటున్నారన్న కారణంతో మరో 25 శాతం కలిపారు. ఆగస్టు 27 నుంచి మొత్తం 50 శాతం అయింది.

రొయ్యల విషయంలో లెక్క ఇంకా ఎక్కువ. యాంటీ డంపింగ్ సుంకం, సబ్సిడీలకు విరుగుడుగా వేసే కౌంటర్‌వెయిలింగ్ సుంకం అంతకుముందే ఉన్నాయి. అన్నీ కలిపితే భారత రొయ్యపై భారం సుమారు 58 శాతానికి చేరింది. అమెరికా మార్కెట్లో మనకు గట్టి పోటీదారు అయిన ఈక్వెడార్‌పై అప్పట్లో కొత్త సుంకం 15 శాతమే. ఇండోనేషియా, థాయ్‌లాండ్‌లపై 19 శాతం, వియత్నాంపై 20 శాతం ఉండేది. సరుకు నాణ్యత ఒకటే అయినా, అమెరికా సూపర్ మార్కెట్ షెల్ఫ్ మీదికి వచ్చేసరికి మన రొయ్య ఖరీదైపోయింది. కొనేవాడు పక్క దేశం వైపు చూశాడు.

ఆంధ్రప్రదేశ్‌కే ఎందుకు ఎక్కువ దెబ్బ?

మెరైన్ ప్రొడక్ట్స్ ఎక్స్‌పోర్ట్ డెవలప్‌మెంట్ అథారిటీ లెక్కల ప్రకారం 2024-25లో దేశం నుంచి 62,408 కోట్ల రూపాయల విలువైన సముద్ర ఉత్పత్తులు ఎగుమతి అయ్యాయి. అందులో గడ్డకట్టించిన రొయ్యల వాటానే 43,334 కోట్లు. ఒక్క అమెరికాయే 271 కోట్ల డాలర్ల సరుకు కొంది. అంటే మనకు అతిపెద్ద కస్టమర్ అదే. అమెరికా కొన్న సరుకులో 90 శాతానికి పైగా రొయ్యలే.

ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు సెప్టెంబర్‌లో కేంద్ర మంత్రులకు లేఖలు రాశారు. దేశ సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల్లో ఏపీ వాటా 34 శాతమని, దాని విలువ ఏటా సుమారు 21,246 కోట్లని అందులో పేర్కొన్నారు. ఆక్వా రంగంపై 2.5 లక్షల రైతు కుటుంబాలు, అనుబంధ రంగాల్లో 30 లక్షల మంది ఆధారపడి ఉన్నారని చెప్పారు. ఎగుమతి ఆర్డర్లలో సగం రద్దయ్యాయని, దారిలో ఉన్న 2,000 కంటైనర్లపైనే దాదాపు 600 కోట్ల సుంకం భారం పడిందని, మొత్తం నష్టం 25,000 కోట్ల వరకు ఉంటుందని అంచనా వేశారు.

ఇక్కడ ఒక్క విషయం జాగ్రత్తగా చూడాలి. లేఖలోని 25,000 కోట్లు ఒక ఏడాది ఎగుమతుల మొత్తం విలువ కంటే ఎక్కువ. కాబట్టి ఆ రెండు అంకెలను ఒకే కొలతతో చూడలేం. అంతకన్నా ముఖ్యం, అది వ్యాపారానికి వచ్చే నష్టం అంచనా. ఖజానాకు వచ్చే నష్టం కాదు. టీవీ చర్చల్లో, సోషల్ మీడియాలో ఈ రెండూ కలిసిపోతున్నాయి. రాష్ట్రానికి 25,000 కోట్లు పోయాయి అనడం తప్పు. మరి ఖజానాకు పోయేదేంటి?

ఎగుమతిపై పన్నే లేదు.. మరి ఖజానాకు నష్టం ఎలా?

జీఎస్టీలో ఎగుమతులు జీరో రేటెడ్. అంటే విదేశాలకు వెళ్లే సరుకుపై పన్ను పడదు. తయారీలో ఎక్కడైనా కట్టి ఉంటే అది రీఫండ్‌గా వెనక్కి వస్తుంది. రొయ్యల మేతపై కూడా జీఎస్టీ లేదు.  కాబట్టి రొయ్యల కంటైనర్ విశాఖ ఓడరేవు దాటినా, దాటకపోయినా ఆ రోజు రాష్ట్ర పన్నుల ఖాతాలో పెద్ద తేడా కనిపించదు.

తేడా వచ్చేది ఆ కంటైనర్ తెచ్చిపెట్టే డబ్బు ఊళ్లో ఖర్చయ్యే చోట. రొయ్యల రేటు కౌంట్‌ను బట్టి ఉంటుంది. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అదే కౌంట్. 100 కౌంట్ అంటే కిలోకి వంద చిన్న రొయ్యలు, 30 కౌంట్ అంటే ముప్పై పెద్ద రొయ్యలు. వనామీ పంట మూడు నాలుగు నెలల్లో చేతికొస్తుంది. రేటు పడిపోయిందని చెరువులో సరుకు దాచుకోవడం కుదరదు. ఉంచిన ప్రతిరోజూ మేత ఖర్చు, కరెంటు ఖర్చు, జబ్బు భయం. రైతు అయినకాడికి పట్టేస్తాడు. ఆ తర్వాత పిల్ల వేయాలా, చెరువు ఎండబెట్టాలా అని ఆలోచిస్తాడు.

చెరువు ఎండితే మొదట ఆగేది చుట్టూ ఉన్న పనులు. హ్యాచరీ, ఐస్ ఫ్యాక్టరీ, మేత దుకాణం, సరుకు మోసే లారీ, జనరేటర్‌కు పోసే డీజిల్, రొయ్యల తల తీసే షెడ్లలో మహిళల రోజు కూలి. డీజిల్ అమ్మకం తగ్గితే వ్యాట్ తగ్గుతుంది. డీజిల్, పెట్రోల్, మద్యం జీఎస్టీ బయట ఉన్నాయి కాబట్టి వాటిపై వేసే వ్యాట్ పూర్తిగా రాష్ట్రం సొంత ఆదాయం. బైక్ కొనడం వాయిదా పడితే జీఎస్టీలో రాష్ట్ర వాటాతో పాటు లైఫ్ ట్యాక్స్ కూడా పోతుంది. ఇంటి స్థలం కొనాలన్న ఆలోచన ఆగితే స్టాంపులు, రిజిస్ట్రేషన్ల ఆదాయం తగ్గుతుంది. వీటిలో ఏదీ బడ్జెట్ పుస్తకంలో టారిఫ్ నష్టం అన్న పేరుతో కనిపించదు. ఏడాది చివర్లో సవరించిన అంచనాలు వచ్చినప్పుడు వ్యాట్ కొంచెం, జీఎస్టీ కొంచెం, రిజిస్ట్రేషన్లు కొంచెం తగ్గినట్టు తేలుతుంది.

ఈ నష్టం రాష్ట్ర సరిహద్దు కూడా దాటుతుంది. భీమవరం చుట్టుపక్కల ఓ ఆక్వా రైతు ఇంటి నుంచి ఒక అబ్బాయి అశోక్‌నగర్‌లో సివిల్స్ కోచింగ్‌లో చేరాడనుకుందాం. కోచింగ్ ఫీజుపై 18 శాతం జీఎస్టీ ఉంది. ఫీజు 50,000 అయితే పన్ను 9,000 రూపాయలు. అందులో సగం, అంటే 4,500 రూపాయలు తెలంగాణ ఖాతాలోకి వెళ్తుంది. ఎందుకంటే శిక్షణ జరిగిన చోటే ఆ పన్ను చెందుతుంది. రొయ్యల రేటు పడి ఆ కుటుంబం ఈ ఏడాది వద్దులే, ఇంటి దగ్గరే చదువుకో అంటే ఆ 4,500 హైదరాబాద్‌లో పోయినట్టే. ఫీజుతో పాటు హాస్టల్ అద్దె, మెస్ బిల్లు, జిరాక్స్ షాపు గిరాకీ కూడా పోతాయి.

ఆర్టీసీ క్రాస్ రోడ్స్ నుంచి ఇందిరా పార్క్ దాకా, అటు నారాయణగూడ వరకు ఉన్న ఈ ప్రాంతం ఒక రకంగా బయటి డబ్బు మీద బతికే చిన్న ఆర్థిక వ్యవస్థే. వరంగల్ పత్తి రైతు, నల్గొండ వరి రైతు, గోదావరి జిల్లాల ఆక్వా రైతు పంపే నెల ఖర్చులే ఇక్కడి అద్దెలు, టిఫిన్ సెంటర్లు, పుస్తకాల షాపులు నడిపిస్తాయి. ఎగుమతి మీద ఆధారపడిన రాష్ట్రానికి విదేశీ సుంకం ఎలాంటిదో, ఈ వీధులకు ఊళ్లో రేటు పడిపోవడం అలాంటిది. తమ చేతిలో లేని నిర్ణయం నేరుగా గల్లాపెట్టె మీదికి వస్తుంది.

ఖర్చు మాత్రం వెంటనే పెరుగుతుంది

ఆదాయం తగ్గడానికి ఆరు నెలలు పట్టొచ్చు. సాయం అడగడానికి ఆరు రోజులు కూడా పట్టదు. ఏపీలో ఆక్వా జోన్లలోని రైతులకు విద్యుత్ యూనిట్ 1.50 రూపాయలకే ఇస్తున్నారు. అసలు ఖర్చుకు, ఈ రేటుకు మధ్య తేడాను ప్రభుత్వమే డిస్కంలకు కట్టాలి. 2003 విద్యుత్ చట్టం ప్రకారం ఆ సబ్సిడీ ముందుగానే చెల్లించాలి. రేట్లు పడిపోయినప్పుడు ఈ రాయితీని తగ్గించడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. పైగా ఇంకా పెంచమని, మిగతా రైతులకూ ఇవ్వమని ఒత్తిడి వస్తుంది.

ఏపీ ప్రభుత్వం ఒత్తిడి తేవడంతో మేత తయారీ కంపెనీలు కిలోకి 9 రూపాయలు తగ్గించాయి. ఖజానా మీద భారం లేకుండా రైతుకు ఊరట ఇచ్చే పద్ధతి అది. కానీ అలాంటి అవకాశాలు రెండో మూడో ఉంటాయి. మిగతావన్నీ డబ్బుతో ముడిపడినవే. ఆక్వా కంపెనీల రుణాలపై అసలు, వడ్డీ చెల్లింపులకు 240 రోజుల మారటోరియం, వడ్డీ రాయితీ, గడ్డకట్టించిన రొయ్యలపై 5 శాతం జీఎస్టీ తాత్కాలిక నిలుపుదల.. ఇవన్నీ ముఖ్యమంత్రి కేంద్రాన్ని కోరినవి. ఎందుకు కోరారంటే, వీటిలో చాలావరకు రాష్ట్రం సొంతంగా ఇవ్వగలిగినవి కావు. మారటోరియం రిజర్వ్ బ్యాంక్, బ్యాంకుల చేతిలో ఉంది. జీఎస్టీ రేటు జీఎస్టీ కౌన్సిల్ చేతిలో ఉంది.

ఏపీ ఖజానాకు ముందే ఊపిరి సలపడం లేదు. 2025-26కు ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్ 3,22,359 కోట్ల బడ్జెట్ పెట్టారు. అందులో రెవెన్యూ లోటు 33,185 కోట్లు, ద్రవ్య లోటు 79,926 కోట్లు. అంటే రోజువారీ ఖర్చులకు కూడా అప్పు చేయాల్సిన పరిస్థితి. అమరావతి, పోలవరం, సూపర్ సిక్స్ హామీలు ఒకవైపు ఉండగా రొయ్య సంక్షోభం వచ్చిపడింది.

రాష్ట్రం చేతిలో ఏముంది?

రాజ్యాంగం ఏడో షెడ్యూల్ చదివిన ప్రతి అభ్యర్థికీ ఇది తెలిసిన విషయమే. విదేశీ వ్యాపారం, ఎగుమతి దిగుమతులు కేంద్ర జాబితాలోని 41వ అంశం. కస్టమ్స్ సుంకాలు 83వ అంశం. అమెరికాతో ఒప్పందం కుదుర్చుకోవడం, ప్రతీకార సుంకం వేయడం, రూపాయి విలువను ప్రభావితం చేయడం, ఇవన్నీ ఢిల్లీ, ముంబైల్లో జరిగే పనులు. వ్యాపారం పోయేది గోదావరి జిల్లాల్లో, కృష్ణాలో, నెల్లూరులో. చర్చలు జరిపేది కేంద్రం. ఆ చర్చల్లో రష్యా చమురు, అమెరికా మొక్కజొన్న, పాల ఉత్పత్తులు, రక్షణ కొనుగోళ్లు అన్నీ ఒకే బల్ల మీద ఉంటాయి. రొయ్య వాటిలో ఒకటి మాత్రమే.

అప్పు చేసి గట్టెక్కుదామా అంటే అక్కడా గేటు ఉంది. 293వ అధికరణ ప్రకారం కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం అప్పు తేవాలంటే కేంద్రం అనుమతి తప్పనిసరి. సాధారణ పరిమితి రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 3 శాతం. 2025-26లో విద్యుత్ సంస్కరణలు చేస్తే మరో అర శాతం ఇచ్చారు. జీఎస్టీ వచ్చినప్పుడు ఐదేళ్ల పాటు ఆదాయం తగ్గితే పరిహారం ఇస్తామన్నారు. ఆ గడువు 2022 జూన్‌తో ముగిసింది. ఇప్పుడు ఆదాయం పడిపోతే ఆదుకునే ఏర్పాటు ఏదీ లేదు.

దీనికి తోడు సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ రేట్లు తగ్గాయి. ప్రజలకు ఊరటే, మార్కెట్లో కొనుగోళ్లు పెరిగే అవకాశం కూడా ఉంది. కానీ 350 సీసీ లోపు బైక్‌పై 28 శాతం పన్ను 18కి దిగితే, రాష్ట్రం వాటా 14 నుంచి 9 శాతానికి దిగినట్టు. ఈ మార్పుల వల్ల తెలంగాణకు ఏటా 7,000 కోట్ల దాకా నష్టం ఉంటుందని ఉప ముఖ్యమంత్రి భట్టి విక్రమార్క చెప్పారు. సుంకం దెబ్బ, రేట్ల కోత ఒకే సీజన్‌లో వచ్చాయి. రేపు ఆదాయం తగ్గితే ఏది ఎంత కారణమో విడదీసి చెప్పడం కూడా కష్టమే.

తెలంగాణ సేఫా?

ఇప్పటికైతే ఏపీతో పోలిస్తే తెలంగాణకు తగిలింది తక్కువ. ఇక్కడి నుంచి అమెరికా వెళ్లే సరుకుల్లో మందులు ముఖ్యమైనవి. ఆగస్టు సుంకాల నుంచి ఔషధాలను మినహాయించారు. బ్రాండెడ్, పేటెంట్ ఉన్న మందులపై అక్టోబర్ 1 నుంచి 100 శాతం సుంకం వేస్తామని సెప్టెంబర్ 25న ట్రంప్ ప్రకటించారు. అందులో జనరిక్‌ల ప్రస్తావన లేదు. హైదరాబాద్ కంపెనీల అమెరికా వ్యాపారంలో ఎక్కువ భాగం జనరిక్ మందులే. కాబట్టి కత్తి వేలాడుతోంది కానీ తెగిపడలేదు.

ఐటీ సేవలపై కస్టమ్స్ సుంకం ఉండదు. కానీ హెచ్-1బీ కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు అంటూ సెప్టెంబర్ 19న వచ్చిన ప్రకటన హైదరాబాద్‌లో ఎన్ని ఇళ్లను కంగారుపెట్టిందో చూశాం. డాలర్ జీతం, ఐటీ జీతం హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌గా, కారుగా మారతాయి. వాటి ద్వారానే రాష్ట్రానికి రిజిస్ట్రేషన్, జీఎస్టీ, లైఫ్ ట్యాక్స్ వస్తాయి.

ఎగుమతుల డబ్బుకు, తెలంగాణ ఖజానాకు ఉన్న బంధం అక్టోబర్ 6న కళ్లకు కట్టింది. రాయదుర్గంలో 7.67 ఎకరాల ప్రభుత్వ భూమి వేలంలో ఎకరం 177 కోట్లు పలికింది. దక్కించుకున్నది ఒక ఔషధ సంస్థల గ్రూప్‌కు చెందిన రియల్టీ కంపెనీ. ఒక్క వేలంతో ప్రభుత్వానికి 1,350 కోట్లకు పైగా ఆదాయం. ఎగుమతుల మీద ఎదిగిన రంగాలు బాగున్నన్నాళ్లు ఇలాంటి వేలాలు నడుస్తాయి. అవి జలుబు చేసినట్టు ముడుచుకుంటే భూమి ఉంటుంది, కొనేవాళ్లు ఉండరు. పైగా భూమి అమ్మకం ఒక్కసారి వచ్చే ఆదాయం. ఉద్యోగి జీతం ముప్పై ఏళ్లు ఇవ్వాల్సిన ఖర్చు. ఆ రెండింటినీ జతచేసి లెక్క వేయకూడదు.

రాష్ట్రాలు సొంతంగా పెంచుకోగల ఆదాయాలు ఎంత తక్కువో మద్యం షాపుల దరఖాస్తులే చెబుతున్నాయి. తెలంగాణలో 2025లో 2,620 షాపులకు తిరిగివ్వని దరఖాస్తు ఫీజును 2 లక్షల నుంచి 3 లక్షలకు పెంచారు. మద్యం, భూమి, రిజిస్ట్రేషన్లు, పెట్రోల్ దాటితే రాష్ట్రానికి తిప్పడానికి పెద్దగా నాబ్‌లు మిగల్లేదు.

నోటిఫికేషన్లు ఆలస్యం కావడానికి టారిఫ్‌లే కారణమా?

కాదు. ఇది స్పష్టంగా చెప్పుకోవాలి. తెలంగాణలో 2024 ఆగస్టు 2న ప్రకటించిన జాబ్ క్యాలెండర్ అనుకున్న తేదీల్లో నడవకపోవడానికి ఎస్సీ వర్గీకరణ ప్రక్రియ, కోర్టు కేసులు వంటి వేరే కారణాలున్నాయి. గ్రూప్-1నే తీసుకుంటే మెయిన్స్ ఫలితాలను సెప్టెంబర్ 9న హైకోర్టు సింగిల్ జడ్జి రద్దు చేశారు. 24న డివిజన్ బెంచ్ ఆ తీర్పును నిలిపివేసింది. 27న 562 మందికి నియామక పత్రాలు అందాయి. ఇందులో అమెరికా సుంకం పాత్ర ఏమీ లేదు. అటు ఏపీలో కూడా 16,347 పోస్టుల మెగా డీఎస్సీ ఈ సంక్షోభం మధ్యే పూర్తయింది.

అయితే తర్వాతి నోటిఫికేషన్ సంగతి వేరు. తెలంగాణ నెలసరి ఆదాయం సుమారు 18,500 కోట్లని, అందులో 6,500 కోట్లు జీతాలు పెన్షన్లకు, మరో 6,500 కోట్లు అప్పుల వాయిదాలకు పోతాయని, సంక్షేమం, అభివృద్ధి అన్నింటికీ కలిపి మిగిలేది 5,500 కోట్లేనని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి పలుమార్లు చెప్పారు. ఆ లెక్కనే తీసుకుని చూద్దాం. ఆదాయం 3 శాతం తగ్గితే నెలకు 555 కోట్లు. జీతాలు తగ్గించలేరు, వాయిదాలు ఆపలేరు. కాబట్టి ఆ 555 కోట్లు మొత్తం 5,500 లోంచే పోవాలి. అంటే ఆదాయంలో 3 శాతం కోత, ఖర్చుపెట్టుకోగలిగే డబ్బులో 10 శాతం కోత అవుతుంది. చిన్న కుదుపు కూడా రాష్ట్రాన్ని ఎందుకు గట్టిగా ఊపుతుందో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

ఆ 10 శాతం ఎక్కడ తగ్గిస్తారు? ఇప్పటికే ఇస్తున్న పథకం ఆపితే జనం రోడ్డెక్కుతారు. పాత ఉద్యోగి జీతం ఆలస్యమైతే సంఘాలు ఊరుకోవు. కాంట్రాక్టర్ బిల్లు మూడు నెలలు ఆపితే వార్త కూడా కాదు. ఇంకా పుట్టని పోస్టును ఆపితే ఆందోళన ఒక్క అశోక్‌నగర్‌లోనే కనిపిస్తుంది. ఆర్థిక శాఖ అనుమతి ఇస్తేనే ఖాళీలు నోటిఫికేషన్‌గా మారతాయి. ఆ ఫైలు కదలకుండా ఉండటానికి ఎవరూ కారణం చెప్పాల్సిన అవసరం ఉండదు. సుంకం దెబ్బ నిరుద్యోగుల దాకా వస్తే ఈ దారిలోనే వస్తుంది.

మరో లెక్క కూడా ఉంది. ప్రైవేటు ఉద్యోగాలు తగ్గితే గవర్నమెంట్ ఉద్యోగం కోసం పోటీ పెరుగుతుంది. ఐటీ ఆఫర్ వాయిదా పడిన ఇంజనీర్, ప్రాసెసింగ్ ప్లాంట్‌లో పని పోయిన డిగ్రీ కుర్రాడు కూడా లైబ్రరీ రీడింగ్ హాల్‌కే వస్తారు. పోస్టులు తగ్గే సమయంలోనే అభ్యర్థులు పెరుగుతారు.

లెసోతో కంటే నయం.. ఎందుకంటే?

ఆఫ్రికాలోని చిన్న దేశం లెసోతోపై ఏప్రిల్‌లో ట్రంప్ 50 శాతం సుంకం ప్రకటించారు. జీన్స్, టీ షర్టులు కుట్టి అమెరికాకు పంపడమే ఆ దేశానికి పెద్ద ఉపాధి. సుంకం అమలయ్యేలోపే ఆర్డర్లు ఆగిపోయాయి. జూలైలో నిరుద్యోగం తీవ్రత దృష్ట్యా అక్కడి ప్రభుత్వం విపత్తు పరిస్థితిని ప్రకటించింది. ఆగస్టులో సుంకం 15 శాతానికి తగ్గినా, ఆఫ్రికా దేశాలకు అమెరికా ఇచ్చే సుంకం లేని ప్రవేశం సెప్టెంబర్ 30తో ముగిసింది.

ఏపీకి లెసోతోకు లేని రక్షణ ఒకటుంది. కేంద్రం పంచే పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకు వస్తుంది. 2025-26 వరకు అందులో ఏపీ వాటా 4.047 శాతం, తెలంగాణ వాటా 2.102 శాతం. రొయ్యల రేటు పడినా, లేచినా ఆ వాటా మారదు. లెసోతోకు ఉన్నది, ఏపీకి లేనిది కూడా ఒకటుంది. ఆ దేశం తన తరఫున తానే వాషింగ్టన్‌తో మాట్లాడుకోగలదు. రాష్ట్రం మాత్రం ఢిల్లీకి లేఖ రాసి ఎదురుచూడాలి. అంటే పూర్తిగా మునిగిపోకుండా కాపాడే తాడు ఉంది, ఈదడానికి చేతులు మాత్రం స్వేచ్ఛగా లేవు.

ముందున్న దారులేంటి?

మొదటిది కొత్త మార్కెట్లు. జూలై 24న సంతకం అయిన బ్రిటన్ ఒప్పందం అమల్లోకి వస్తే మన రొయ్యలపై అక్కడి సుంకం పోతుంది. సెప్టెంబర్‌లో యూరోపియన్ యూనియన్ మరో 102 భారతీయ యూనిట్లకు సముద్ర ఉత్పత్తులు పంపడానికి అనుమతి ఇచ్చింది. మంచి పరిణామమే. కానీ అమెరికా కొనే పరిమాణాన్ని ఒక్క సీజన్‌లో ఇంకెవరూ భర్తీ చేయలేరు. యాంటీబయాటిక్ అవశేషాల విషయంలో యూరప్ పరీక్షలు కూడా కఠినం.

రెండోది మన ఊళ్లోనే తినడం. చిక్కడపల్లికి కూతవేటు దూరంలోని రాంనగర్ చేపల మార్కెట్‌కు ఆదివారం వెళ్తే గిరాకీ ఎలా ఉంటుందో తెలుస్తుంది. హైదరాబాద్ లాంటి నగరంలో రొయ్యకు డిమాండ్ ఉంది, సరఫరా గొలుసే బలహీనం. ఇక్కడ అమ్మితే డాలర్లు రావు, రేటు కూడా అంత పలకదు. అయినా రైతుకు ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడే బాధ కొంతైనా తగ్గుతుంది.

మూడోది, ఖజానాకు సంబంధించింది. దేశం తీసుకున్న విదేశాంగ నిర్ణయం వల్ల ఒక రాష్ట్రానికి నష్టం వస్తే ఆ భారం ఎవరు మోయాలి? తుపాను వస్తే విపత్తు నిధి ఉంది. సుంకం వస్తే అలాంటి నిధి లేదు. 2026 ఏప్రిల్ నుంచి అమలయ్యే సిఫార్సులను అరవింద్ పనగరియా నేతృత్వంలోని 16వ ఆర్థిక సంఘం 2025లో సిద్ధం చేసింది. ఈ ప్రశ్నను రాష్ట్రాలు గట్టిగా లేవనెత్తాల్సింది అప్పుడే.

అభ్యర్థులు గమనించాల్సినవి ఇవే

ప్రకటనలను బట్టి కాకుండా లెక్కలను బట్టి పరిస్థితిని అంచనా వేయాలంటే మూడు చోట్ల చూడాలి. ప్రతి నెలా మొదట్లో వచ్చే రాష్ట్రాలవారీ జీఎస్టీ వసూళ్లు ఒకటి. కాగ్ ప్రతి నెలా పెట్టే రాష్ట్రాల ఆదాయ వ్యయాల పట్టిక రెండోది. అందులో రెవెన్యూ రాబడి ఎంత, క్యాపిటల్ ఖర్చు ఎంత అన్నది బడ్జెట్ అంచనాతో పోల్చి చూసుకోవచ్చు. క్యాపిటల్ ఖర్చు మందగిస్తుంటే సర్దుబాటు మొదలైందని అర్థం. మంగళవారాల్లో రిజర్వ్ బ్యాంక్ నిర్వహించే రాష్ట్ర బాండ్ల వేలం మూడోది. అనుకున్న దానికంటే ముందే, ఎక్కువగా అప్పు తెస్తుంటే ఆదాయం సరిపోవడం లేదని తెలుసుకోవచ్చు.

వాషింగ్టన్‌లో సుంకం రేపు తగ్గొచ్చు, మళ్లీ పెరగొచ్చు. తగ్గిన మర్నాడే పాత ఆర్డర్లు తిరిగి రావు, ఎండబెట్టిన చెరువులో వెంటనే పంట రాదు. ఆర్థిక సంవత్సరం ద్వితీయార్ధంలో, అంటే అక్టోబర్ నుంచి మార్చి వరకు వచ్చే ఈ నెలవారీ లెక్కల్లోనే అసలు ప్రభావం బయటపడుతుంది. వచ్చే ఫిబ్రవరి, మార్చిలో రెండు రాష్ట్రాలు పెట్టే బడ్జెట్లలో సవరించిన అంచనాల కాలమ్‌ను, కొత్త పోస్టుల కోసం కేటాయించిన మొత్తాన్ని పక్కపక్కన పెట్టి చదివితే, రొయ్యల చెరువు దెబ్బ అశోక్‌నగర్ దాకా వచ్చిందో లేదో అక్కడ తేలిపోతుంది.